కోఠిలో దిగితే కనిపించని కోఠి

హైదరాబాద్‌లో కోఠి అంటే మనలో చాలామందికి బస్సు మారే చోటు, సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు, సుల్తాన్‌బజార్‌లో గాజులు, చీరలు, అంతే కదా. నేను కూడా ఎంసెట్ పుస్తకాల కోసం ఎన్నిసార్లు దిగానో లెక్కే లేదు, ఒక్కసారి కూడా ఆ పేరు ఎక్కడ్నించి వచ్చిందా అనుకోలేదు. పోయిన నెల మా పెద్దనాయిన నల్గొండ నుంచి వస్తే ఆయన్ని తీసుకుని ఆ పక్క వెళ్లాను. 70ల్లో ఉద్యోగ పరీక్షలకి అక్కడే చదువుకున్న మనిషి ఆయన, నేను తిప్పుదాం అనుకుంటే ఆయనే నన్ను తిప్పాడు.

కోఠి అంటే ఉర్దూలో బంగళా. ఆ బంగళా ఏదో కాదు, విమెన్స్ కాలేజ్ (ఇప్పుడు మహిళా యూనివర్సిటీ) లోపలున్న పెద్ద స్తంభాల భవనమే, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 1800 తర్వాత మొదటి ఏళ్లలో రెసిడెంట్, అంటే నిజాం దగ్గరుండే బ్రిటిష్ ప్రతినిధి, కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ఆయన ఖైరున్నీసా అనే ఇక్కడి గొప్పింటి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ పరదాలో ఉండేది, ముందువైపుకొచ్చి భవనాన్ని చూసే వీలు లేదు, అందుకని ఆవిడ కోసం తోటలో అచ్చం అలాంటిదే బొమ్మరిల్లంత నమూనా కట్టించాడని చెప్తారు. మా అక్క అక్కడే డిగ్రీ చదివింది, ఒకసారి కాలేజ్ ఫంక్షన్‌కి తీసుకెళ్లినప్పుడు చూపించింది, చిన్న చిన్న స్తంభాలు, చిన్న మెట్లు, నాకైతే పెద్ద భవనం కన్నా అదే మనసులో ఉండిపోయింది. 1805లో ఇద్దరు పిల్లల్నీ ఇంగ్లండ్ పంపించేశారు, అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. అప్పటికి ఆయనకి 41 ఏళ్లే.

ఇదే రెసిడెన్సీ మీదకి 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని దాడికి వచ్చారు. తర్వాత తుర్రెబాజ్ ఖాన్‌ని తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని తెచ్చి నలుగురూ చూసేలా వేలాడదీశారు. కోఠి బస్టాండ్ దగ్గర ఆ తిరుగుబాటు గుర్తుగా స్తూపం ఉంది, దాని పక్కన నిలబడే మనం బస్సు కోసం చూస్తుంటాం.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడ్నించే. రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు కూడా బ్రిటిష్ వాళ్ల చేతిలోనే ఉండేవి, 1933లో నిజాంకి తిరిగి ఇచ్చాకే సుల్తాన్‌బజార్ అనే పేరొచ్చింది. అంటే అంతకు ముందు ఆ గల్లీల్లో నిజాం ఆంక్షలు అంతగా సాగేవి కావు. బయటేమో ఆఫీసుల్లో, కోర్టుల్లో, బడుల్లో అంతా ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడే జనమే ఎక్కువున్నా సరే. అలాంటి రోజుల్లో 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటి వాళ్లు కలిసి ఇదే ఏరియాలో, రావిచెట్టు రంగారావు గారింట్లోనే, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. ఆ రోజుల్లో తెలుగు పుస్తకం, తెలుగు పేపర్ పెట్టి అందరూ వచ్చి చదవండి అని తలుపు తెరవడమంటే మాటలు కాదు. పెద్దనాయిన ఆ గేటు ముందు ఆగి, "నాకు రూమ్ కిరాయికే పైసలు సరిపోకపోయేది బిడ్డా, పేపర్ యాడ కొంటా, దినాం గీడికే వచ్చి చదివేటోణ్ణి" అన్నాడు. ఆయన అలా ఆగిపోవడం చూస్తే నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

అక్కడికి దగ్గర్లోనే వివేకవర్ధిని విద్యాసంస్థ. 1921 నవంబర్‌లో అక్కడ సంఘ సంస్కరణ సభ, మహారాష్ట్ర సంఘ సంస్కర్త కార్వే పండితుడు అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో వాళ్లు గోల చేసి ఎగతాళి చేశారు. హైదరాబాద్‌లో, తెలుగులో మాట్లాడినందుకు! ఆ రాత్రే కొంతమంది తెలుగువాళ్లు టేకుమాల రంగారావు గారింట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు అందరూ అందులో వాళ్లే. అదే పెరిగి పెరిగి 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ దాకా వెళ్లింది. ఆ వివేకవర్ధిని ముందు నుంచి నేను వందసార్లు నడిచుంటాను, ఎవరూ చెప్పలేదు నాకు, స్కూల్లో కూడా చెప్పలేదు.

మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి (ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో కట్టింది) ఐస్‌క్రీమ్ తిని అబిడ్స్‌కి వెళ్లాం. అబిడ్స్ పేరు ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిద్‌ది, ఆయన షాపు ఇక్కడుండేది. ఆదివారం కదా, ఫుట్‌పాత్ నిండా పుస్తకాలే. పెద్దనాయిన వంగి వంగి వెతికి ఒక పాత తెలుగు వ్యాకరణం తీశాడు, అట్ట ఊడిపోయింది, లోపల ఎవరో పెన్సిల్‌తో సంధుల పక్కన టిక్కులు పెట్టుకున్నారు. యాభై అడిగితే ముప్పైకి బేరం చేసి, నా చేతిలో పెట్టి, "ఇంటికి పోయినంక అట్టెయ్యి" అన్నాడు.