పాముకాటు వేళ ఏ ఆసుపత్రికి వెళ్లాలో మేము తేల్చుకున్న తీరు

2018 ఆగస్టులో ఒక సాయంత్రం, నాట్లు పడిన చేనుకు నీరు మళ్లించి వస్తున్న మా నాన్నగారు గట్టు మీదే కూలబడి, "ఏదో పురుగు ముట్టిందిరా" అని నన్ను కేకేశారు. మా దివిసీమలో చీకటి పడ్డాక పామును పేరు పెట్టి పిలవరు. కుడికాలి చీలమండకు పైన రెండు గాట్లు, వాటి చుట్టూ అప్పటికే మొదలైన వాపు కనిపించాయి. టార్చిలైటు వెలుతురులో గట్టు కిందికి జారిపోతున్న లావుపాటి ఒంటినీ, దాని మీద గొలుసులా అల్లుకున్న మచ్చలనూ చూసి అది రక్తపింజరి అని గుర్తుపట్టాను. అప్పుడు ఆరు గంటల నలభై నిమిషాలు అయింది. ఆ సమయాన్ని అక్కడికక్కడే ఫోనులో రాసిపెట్టుకున్నాను.

ఇంటి వాకిట్లోకి మోసుకొచ్చేసరికి పది మంది చేరారు. "ఒరేయ్ అబ్బాయ్, ముందు మంత్రం వేయిద్దాం, పక్క ఊరే కదా" అని మా బాబాయి పట్టుబట్టారు. ఆయన్ని తప్పుపట్టలేను, మంత్రం వేయించుకుని లేచి తిరిగినవారిని ఆయన కళ్లారా చూశారు. విషం లేని పాములు కరిచిన సందర్భాలూ, విషసర్పం కరిచినా విషం ఎక్కని సందర్భాలూ చాలా ఉంటాయి గనుక, అలా బతికినవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. మా బావగారు మాత్రం, ఆలస్యమైనా సరే విజయవాడలోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రికే వెళ్లాలన్నారు. ఊరి ఆర్‌ఎంపీ గారు ఒక టీటీ ఇంజెక్షను, ఒక నొప్పి ఇంజెక్షను చేసి పంపుతానన్నారు. అమ్మ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామికి మొక్కుకుని, "ఎక్కడికైనా సరే, ముందు బయల్దేరండి" అంది.

ఎక్కడికన్నదే అసలు ప్రశ్న. ఆ నెలలో మా ప్రాంతంలో పాముకాట్ల గురించి రోజూ వింటూనే ఉన్నాం కాబట్టి, విషానికి విరుగుడు యాంటీవీనమ్ ఒక్కటేనని నాకు తెలుసు. అందుచేత ఏది పెద్ద ఆసుపత్రి అని కాకుండా, ఈ గంటలో ఆ మందూ, దాన్ని ఎక్కించే డాక్టరూ కలిసి ఎక్కడ ఉన్నారని వెతకడం మొదలుపెట్టాను. బావగారు ఫోను చేసిన ప్రైవేటు ఆసుపత్రి వారు "తీసుకురండి, చూద్దాం" అన్నారే గాని, మందు నిల్వ ఉందో లేదో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేకపోయారు. మా ఆశా కార్యకర్త, పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) మందు ఉన్నా రాత్రివేళ డాక్టరు ఉండరని చెప్పి, అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌తో ఫోనులో మాట్లాడించింది. "మందు ఉంది, డాక్టరుగారు ఉన్నారు. కాలు కదలనివ్వకండి, ఏ ఇంజెక్షనూ చేయించకండి, వచ్చేయండి" అని ఆ సిస్టర్ చెప్పిన మాటలతో వాకిట్లో వాదన ఆగిపోయింది. రక్తపింజరి విషం ఎక్కితే రక్తం గడ్డకట్టే గుణం పోతుందనీ, అటువంటప్పుడు కండకు ఇంజెక్షను చేస్తే లోపల రక్తం చేరే ప్రమాదం ఉందనీ నాకు తరువాత తెలిసింది.

వాకిట్లో ఉన్న పొరుగువారి కారులోనే బయలుదేరాం. వెదురుబద్ద ఒకటి కాలికి ఆనించి, గుడ్డతో వదులుగా కట్టి, నాన్నగారిని వెనుక సీటులో పడుకోబెట్టాం. అయితే అప్పటికే మేమొక పొరపాటు చేసి ఉన్నాం. గట్టు మీదే ఎవరో తుండుగుడ్డను మోకాలి కింద బిగించి కట్టగా, అది మంచిదేననుకుని నేనూ వదిలేశాను. ఆసుపత్రిలో డాక్టరుగారు దాన్ని చూసి వెంటనే విప్పనివ్వలేదు; మందు సిద్ధమయ్యాకే, దగ్గర నిలబడి నెమ్మదిగా వదులు చేయించారు. బిగించిన కట్టు వల్ల కాలికి రక్తప్రసారం ఆగి కండ చచ్చుబడవచ్చనీ, హఠాత్తుగా విప్పితే అక్కడ నిలిచిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి ఎక్కుతుందనీ ఆయన చెప్పినప్పుడు నాకు చేతులు వణికాయి.

నాన్నగారి రక్తం కొద్దిగా తీసి, పొడి గాజుగొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచారు. ఆ తరువాత వంచి చూస్తే గడ్డకట్టకుండా నీళ్లలా జారింది, అంటే విషం ఎక్కిందన్నమాట. వెంటనే 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) యాంటీవీనమ్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. కొద్దిసేపటికే నాన్నగారికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, చలి పుట్టి, ఆయాసం వచ్చింది. ఈ మందును గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు గనుక కొందరి శరీరం ఇలా ఎదురుతిరుగుతుందట. సిస్టర్ డ్రిప్పు ఆపి, ఇలాంటి ఎదురుతిరుగుడును అదుపు చేయడానికి ముందుగానే సిరంజిలో తీసి పెట్టుకున్న అడ్రినలిన్ మందు ఇచ్చి, ఆయన తేరుకున్నాక మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టింది. పీహెచ్‌సీలో మందు ఉన్నంతమాత్రాన చాలదన్న ఆశా కార్యకర్త మాట ఎంత విలువైనదో నాకు ఆ పది నిమిషాలలో అర్థమయింది.

మన దేశంలో దొరికే యాంటీవీనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటికీ కలిపి చేసిన మందు కాబట్టి, ఏ పాము కరిచిందో తెలియకపోయినా వైద్యం ఆగదని డాక్టరుగారు చెప్పారు. పామును చంపి సంచిలో వేసుకురావడానికి మా వాళ్లిద్దరు కర్రలతో గట్టు మీద వెతుకుతూ ఉండిపోయారని తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

ఆరు గంటల తరువాత మళ్లీ పరీక్ష చేస్తే రక్తం అప్పటికీ గడ్డకట్టలేదు. ఇంకో 10 వయల్స్ ఎక్కించారు. తెల్లవారుజాముకు రక్తం గడ్డకట్టింది గాని మూత్రం బాగా తగ్గింది. రక్తపింజరి విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది గనుక, డయాలసిస్ అవసరమైతే ఇబ్బంది లేకుండా విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి 108 అంబులెన్సులో పంపారు. కాటు వేసిన సమయం, మందు మొదలైన సమయం, ఎక్కించిన వయల్స్ లెక్క, రెండు పరీక్షల ఫలితాలు, అన్నీ రిఫరల్ కాగితంలో ఉన్నాయి. అక్కడి వైద్యులు ఆ కాగితం చదివి, మమ్మల్ని రెండు మాటలు మాత్రమే అడిగి పని మొదలుపెట్టారు. బావగారు కోరుకున్న విజయవాడకే చివరికి చేరాం. అయితే లోపల మందు పడ్డాక చేరాం. డయాలసిస్ అవసరం పడలేదు. ఆరో రోజున నాన్నగారు ఇంటికి వచ్చారు. రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ మందుకు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

అప్పటినుంచి ఏటా నారుమడి పోసే ముందు నేను అవనిగడ్డ ఆసుపత్రికి ఫోను చేసి, మందు నిల్వ ఉందా, రాత్రి డ్యూటీ ఉందా అని అడిగి, ఆ నంబరునూ 108నూ మా మోటారు షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో మళ్లీ రాయిస్తున్నాను. కింద "కట్టు కట్టవద్దు" అన్న మాట బాబాయి స్వయంగా రాయించారు.