ప్యూరిఫయర్ కొనేముందు ఇంటి నీళ్లు ఎక్కడివో చూసుకోండి

ఎండలు ముదిరితే చాలు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏ వాటర్ ప్యూరిఫయర్ మంచిది అనే చర్చ మొదలవుతుంది, ఒకరు ఆర్వో అంటారు, ఇంకొకరు ఆర్వో ప్లస్ యూవీ ప్లస్ యూఎఫ్ అన్నీ ఉన్నదే తీసుకోండి అంటారు, ఒక పెద్దాయన రాగి బిందె చాలమ్మా అంటారు. ఆర్వో సన్నటి పొరలోంచి నీళ్లని నెట్టి కరిగిన ఉప్పులు తీసేస్తుంది, యూవీ అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపుతుంది, యూఎఫ్ సన్నటి పొరతో బాక్టీరియాని వడకడుతుంది. కానీ మీ కుళాయిలోకి వచ్చే నీళ్లు ఎక్కడివి అని మాత్రం ఎవరూ అడగరు. నాకైతే ముందు అదే తెలియాలి. మంజీరా నదివా, బోరువా, ట్యాంకరువా? దాన్ని బట్టే మిషను, బ్రాండ్ సంగతి ఆ తర్వాత.

హైదరాబాద్‌లో మనకి అలవాటుగా మంజీరా నీళ్లు అనేస్తాం గానీ ఇప్పుడు ఊరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరి నీళ్లే. నది నీళ్లలో మామూలుగా ఉప్పులు తక్కువ. వాటికి భయం ఎక్కడంటే దారిలో, అంటే పైపు పగిలి డ్రైనేజీ కలవడం, మన సంపు, మన పైన ట్యాంకు. అంటే క్రిములు. దానికి యూవీ చాలు, అదీ లేకపోతే బాగా తెర్లేదాకా కాచి చల్లార్చుకుంటే చాలు. బోరు నీళ్ల కథ పూర్తిగా వేరు, అక్కడ గట్టిదనం అంటే కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు, నైట్రేట్, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ ఉంటాయి, కాచితే గట్టిదనం కొంత తగ్గొచ్చు గానీ నైట్రేట్, ఫ్లోరైడ్ పోవు, నీరు ఆవిరైపోయి ఇవి మిగిలిన నీళ్లలోనే ఉండిపోతాయి కాబట్టి కాస్త పెరుగుతాయి కూడా. ఇవి ఎక్కువగా ఉన్నచోట ఆర్వో అవసరం.

మరి అందరికీ ఆర్వోనే ఎందుకు అమ్ముతున్నారు అంటే ఆ డెమో ఒకటుంది చూశారా, నాకు దాని మీద చాలా కోపం. ఒకబ్బాయి బ్యాగు వేసుకుని వస్తాడు, రెండు గ్లాసులు అడుగుతాడు, ఒకదాంట్లో మన కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఆర్వో నీళ్లు. రెండిట్లో లోహపు కడ్డీలున్న చిన్న పరికరం పెట్టి ప్లగ్గులో పెడతాడు. నిమిషంలో మన నీళ్లు ముదురు గోధుమ రంగుకి తిరిగి పైన తెట్టు కడతాయి, ఆర్వో నీళ్లు అలాగే ఉంటాయి. చూడండి మేడమ్ మీ పిల్లలు తాగుతున్నది ఇదీ అంటాడు. ఏ తల్లికైనా గుండె జారుతుంది కదా. అసలు జరిగేది ఏంటంటే ఆ కడ్డీల్లో ఒకటి ఇనుము, కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పు రంగు వస్తుంది. ఆ మురికి మన నీళ్లలోది కాదు, కడ్డీలోది. ఆర్వో నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, అందుకే ఏమీ కాదు. ఈసారి ఎవరైనా వస్తే ఆ ఆర్వో గ్లాసులో చిటికెడు వంటుప్పు వేసి మళ్లీ పెట్టమనండి, అవి కూడా అదే రంగుకి వస్తాయి. మా కిందింటి అక్క వాళ్లింట్లో అలా అడిగితే ఆ అబ్బాయి పరికరం సర్దుకుని వెళ్లిపోయాడు. పాపం అతనికి టార్గెట్లు ఉంటాయి, నా కోపం అతని మీద కాదు, తల్లుల భయాన్ని అమ్మకంగా మార్చే పద్ధతి మీద.

టీడీఎస్ మీటరు కూడా అంతే, పనికొచ్చేదే గానీ అది కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందనే, దాన్నుంచి కరిగిన ఉప్పులు ఎంతో అంచనా కడుతుంది. ఆ ఉప్పు కాల్షియమా ఫ్లోరైడా దానికి తెలీదు, క్రిములైతే అసలే కనపడవు. 150 చూపించే నీళ్లలో కలరా ఉండొచ్చు. మన దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ బీఐఎస్ తాగునీటికి ఇచ్చిన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిదే, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. 2019లో పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ కూడా 500 లోపు ఉన్నచోట ఆర్వో వద్దనే చెప్పింది. ఎందుకంటే మామూలు ఇంటి ఆర్వో ఒక లీటరు మంచినీళ్లకి మూడు లీటర్ల దాకా బయటికి వదిలేస్తుంది. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఫోన్లు చేస్తూ ఇంకోపక్క ఇలా పారబోయడం నాకు మనసొప్పదు. ఆర్వో తప్పనిసరైన ఇంట్లో ఆ పైపు కింద బకెట్ పెట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూమ్‌కి వాడండి, మొక్కలకి మాత్రం చూసి పోయండి, బోరు మరీ ఉప్పగా ఉంటే వేర్లు మాడిపోతాయి.

ఫ్లోరైడ్ గురించి మాత్రం కొంచెం గట్టిగానే చెప్తాను. దానికి రంగు లేదు, వాసన లేదు, నాలిక్కి తెలీదు. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు సంగతి మొదట బయటికి వచ్చింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచే. ఇక నల్గొండ వైపు వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పడింది, మన జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలియడం ఎంత బాధో. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే అస్సలు తాగకూడదు. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే ముందు బోరు నీళ్లు టెస్ట్ చేయించండి.

మా అత్తగారిది కోనసీమ, వాళ్ల చిన్నప్పుడు కాలవ నీళ్లు తెచ్చి కుండ లోపల ఇండుపగింజ అరగదీసేవాళ్లట, పొద్దున్నకి బురదంతా అడుగుకి చేరి పైన నీళ్లు తేటగా ఉండేవట. చక్కటి పద్ధతి, కానీ తేటబడినంత మాత్రాన క్రిములు చావవు, కాచాల్సిందే.

20 లీటర్ల ప్లాంటు నీళ్లు తెప్పించుకునేవాళ్లు క్యాను మీద ఐఎస్ఐ గుర్తు, ప్యాక్ చేసిన తాగునీటి ప్రమాణం ఐఎస్ 14543 ఉందో లేదో చూడండి. సందు చివర ప్లాంటుల్లో చాలావాటికి ఉండదు. క్యాను లోపల చెయ్యి పెట్టి చూస్తే పాకుడు తగిలితే ఆ నీళ్లు ఎంత ఫిల్టర్ చేసినా ఏం లాభం.

ఇంకోటి, మున్సిపల్ నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తే తిట్టుకోకండి, క్రిముల్ని చంపే క్లోరిన్ మన కుళాయి దాకా మిగిలి ఉందని అర్థం. గిన్నెలో కాసేపు తెరిచి ఉంచితే వాసన పోతుంది. ఆర్వోలో కార్బన్ ఫిల్టర్ ఆ క్లోరిన్‌ని తీసేస్తుంది, కాబట్టి మిషను ట్యాంకులో నీళ్లు రోజుల తరబడి నిల్వ ఉంచకండి, ఊరెళ్లి వస్తే మొత్తం వదిలేసి కొత్తగా పట్టండి.

టెస్ట్ కోసం ఊళ్లలో అయితే ఆర్‌డబ్ల్యూఎస్ అంటే గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల ల్యాబులు ఉన్నాయి, సిటీలో ప్రైవేటువి చాలా ఉన్నాయి. టీడీఎస్ ఒక్కటే కాదు, ఫ్లోరైడ్, నైట్రేట్, గట్టిదనం, బాక్టీరియా అని రాసి ఇవ్వండి, బాక్టీరియాకి సీసా వాళ్లనే అడిగి తీసుకుని త్వరగా చేర్చండి. రిపోర్టులో ఫ్లోరైడ్ ఎక్కువ వచ్చి ఆర్వో పెట్టించుకున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, రుచి కోసమని మెకానిక్ టీడీఎస్ కంట్రోలర్ తిప్పుతానంటే ఒప్పుకోకండి, అది ఆర్వో దాటని బోరు నీళ్లని కొంచెం కలుపుతుంది, వాటితో పాటే ఫ్లోరైడూ మళ్లీ గ్లాసులోకి వచ్చేస్తుంది.