నీడతోటకు రంగులిచ్చే ఫెర్న్ మొక్కలు

ఫెర్న్ అనగానే పచ్చదనం తప్ప మరో రంగు తోచనివారికి నేను మొదట చూపించేది జపనీస్ పెయింటెడ్ ఫెర్న్. వెండిపూత పూసినట్లుండే ఆకు, దాని నడుమ ముదురు ఊదా ఈనె, ఆ ఈనె నుంచి పక్కలకు పాకి అంచు చేరేసరికి పలచబడే ఎర్రని ఛాయ, ఇవన్నీ ఒక్క ఆకులోనే కనిపిస్తాయి. 2004లో అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ దీనిని ఆ ఏటి మేటి మొక్కగా ఎంపిక చేసింది. ఆ గౌరవానికి ఇది అన్నివిధాలా తగినదే.

ఆటమ్ ఫెర్న్ అందం వేరు. దాని చిగుళ్లు రాగిరంగులో చుట్టలు విప్పుకొని, ముదిరే కొద్దీ నిగనిగలాడే పచ్చదనానికి మారతాయి. లేత ఆకుల్లోని ఆ ఎరుపు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాల (వర్ణకాల) వల్ల వస్తుంది. ఆకును తిప్పి చూస్తే అడుగున ఎర్రని చుక్కలు వరుసగా ఉంటాయి. అవి సిద్ధబీజాలు, అంటే ఫెర్న్‌లు విత్తనాలకు బదులుగా వెదజల్లే ధూళిలాంటి కణాలు, తయారయ్యే గుంపులు; పురుగులనుకొని మందు కొట్టకూడదు.

నీడ అంటే చీకటి కాదన్నది ఈ మొక్కల పెంపకంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. పెయింటెడ్ ఫెర్న్‌కు ఉదయపు లేత ఎండ కాసేపు తగిలితే రంగు తేటపడుతుంది, దట్టమైన నీడలో వెలవెలబోతుంది, మధ్యాహ్నపు ఎండకు అంచులు మాడిపోతాయి. నెమలి ఫెర్న్‌గా పిలిచే సెలాజినెల్లా దీనికి పూర్తిగా విరుద్ధం. అది నిజానికి ఫెర్న్ కాదు. దాని నీలి మెరుపు కూడా వర్ణకం వల్ల కాక, ఆకు పైభాగంలోని అతి సన్నని పొరల మీద కాంతి పడి తిరిగి రావడం వల్ల పుడుతుంది. వెలుతురు ఎక్కువైతే ఆ నీలం మాయమై ఆకు మామూలు పచ్చగా మారుతుంది. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన నాటడం నాకు సమ్మతం కాదు.

మట్టిలో బాగా చివికిన ఆకుల ఎరువు సమృద్ధిగా కలపాలి. తడి ఆరకూడదు, నీరు నిలవకూడదు. చిగురు పుట్టే మొదలును లోతుగా పూడ్చితే కుళ్లిపోతుంది కనుక దానిని నేలమట్టానికే ఉంచాలి. రసాయన ఎరువు వేయదలిస్తే చెప్పిన మోతాదులో సగం చాలు. చలికాలం గట్టిగా ఉండేచోట పెయింటెడ్ ఫెర్న్ ఆకులన్నీ రాల్చేస్తుంది. చనిపోయిందని తవ్విపారేయకుండా, పైన ఎండుటాకులు కప్పి వసంతం దాకా వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది.