పొదగని పెట్ట నాకెందుకు

పర్లాకిమిడి పొలిమేరలో మాది అరెకరం దొడ్డి. కొబ్బరి, జీడిమామిడి, వెనకాల పాత పశువులశాల. కోళ్లు పెంచుదామనుకునే వాళ్లందరూ నన్నడిగేది ఒకటే: "ఏ రకం ఎక్కువ గుడ్లు పెడుతుంది పిన్నీ?" నేనేమో, గుడ్లు పొదిగి పిల్లల్ని ఎవరు లేపుతారని ఎదురడుగుతాను.

గుడ్ల లెక్కయితే గ్రామప్రియదే పైచేయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తీసిన రకం. పెరట్లో మేసినా ఏడాదికి 160 దాకా పెడుతుంది. అక్కడిదే వనరాజా 100, 110 పెడుతుంది. మన నాటుపెట్ట 60 పెడితే గొప్పే. (గ్రామప్రియ గోధుమరంగు గుడ్డుని నాటుగుడ్డని అంటగట్టేవాళ్లు మన సంతల్లో ఉన్నారు. చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది, నాటుగుడ్డు చిన్నది.)

కానీ గ్రామప్రియ, వనరాజా రెండూ పొదగడానికి కూర్చోవు. పుంజు పక్కనుంటే ఆ గుడ్లలోంచి పిల్లలు లేస్తాయి గాని, వాటికి ఎక్కువ గుడ్లు పెట్టే తల్లి గుణం పూర్తిగా రాదు. అంటే ప్రతిసారీ పిల్లల్ని కొనాలి, నాలుగు వారాలు బల్బు వేడిలో సాకాలి. ఇంక్యుబేటర్ కొనుక్కోవచ్చుగా అంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో కరెంటు ఎన్నాళ్లు లేదో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పుడు శాల మూల గంపలో మా నల్లపెట్ట గుడ్ల మీదే ఉంది. రేకులు ఎగిరిపోతున్నా లేవలేదు.

ఆ నల్లపెట్ట కూర్చునే తీరు చూడాలి. గంపలో గడ్డి, అడుగున ఉరుముల భయానికి మా అత్తగారు పెట్టే ఇనుప ముక్క, పైన పదో పన్నెండో గుడ్లు. ముక్కుతో గుడ్లని లోపలికీ బయటికీ తిప్పుకుంటుంది. రోజుకి ఒక్కసారి లేచి నాలుగు నూకలు తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి పరుగున వచ్చేస్తుంది. చెయ్యి పెడితే ఈకలు పొంగించి పొడుస్తుంది. 21 రోజులకి పిల్లలు. గద్ద నీడ పడిందంటే దాని ఒక్క అరుపుకి పిల్లలన్నీ జీడిచెట్టు కిందకి దూరతాయి. అదే వనరాజా అయితే ఒళ్లు బరువు, ఎగరలేదు, కుక్కకైనా ముంగిసకైనా ఇట్టే దొరికిపోతుంది.

కడక్‌నాథ్ మోజు మా వైపూ వచ్చింది. నల్లమాంసానికి మంచి ధర అన్నమాట నిజమే, కొనేవాడు దగ్గరలో ఉంటేనే. పైగా అదీ సరిగ్గా పొదగదు. అసీల్ (పందెంకోళ్ల జాతి) పెట్ట మంచి తల్లి, గుడ్లు మరీ తక్కువ. పుంజులు రెండుంటే దొడ్డంతా రక్తమే.

అందుకే నా దగ్గర నాటుపెట్టలే ఎక్కువ. ఇంటి గుడ్లకోసం నాలుగైదు గ్రామప్రియలు. వాటి గుడ్లు వంటింటికి, నాటువి గంపలోకి.

ఏ రకమైనా కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా తప్పదు. మొదటివారంలో లసోటా టీకా కంట్లో చుక్క, రెండు నెలలకి ఆర్‌టుబి టీకా ఇంజెక్షన్. చిన్న సీసా కూడా మామూలుగా వంద డోసులదే వస్తుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడెయ్యాలి. పాతపట్నం, పర్లాకిమిడి వైపు ఎవరికైనా ఈ నెలలో పిల్లలు లేస్తుంటే ముందే చెప్పండి, ఒకే రోజు అందరికీ వేయించేద్దాం.