తిథి చూసుకుని వెళ్లాల్సిన కోట

మహారాష్ట్ర తీరంలో ఉన్న అలీబాగ్‌లో కొలాబా కోట చూడాలనుకుంటే హోటల్ బుక్ చేసే ముందు తిథి చూసుకోండి. ఆ కోట ఉన్నది ఒడ్డున కాదు, కాస్త లోపలికి, సముద్రంలో. పోటు మీద చుట్టూ నీళ్లే, పడవ తప్ప దారి లేదు. ఆటు వచ్చి నీళ్లు తగ్గాయంటే ఆ పడవ తిరిగిన చోటే నడుచుకుంటూ పోవచ్చు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర్లో సముద్రం బాగా వెనక్కి పోతుంది, అష్టమి ప్రాంతంలో అంతగా పోదు. ఆ తీరంలో పౌర్ణమి నాడు నీళ్లు బాగా తగ్గేది పొద్దున ఆరు ప్రాంతంలో, మళ్లీ సాయంత్రం ఆరు ప్రాంతంలో. అది రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి తదియ నాటికి ఎనిమిది గంటల వేళ అవుతుంది. వెలుతురు ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. నేను ఎంచుకున్నది ఆ సమయమే.

ఒక్కదాన్నే వెళ్లాను. ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పడవెక్కి మాండ్వాలో దిగి, అక్కడి నుంచి బస్సులో అలీబాగ్. ఒంటరి ప్రయాణం గురించి చాలామంది భయపెడతారు గానీ, ఇలాంటి చోటికి అదే సరైన పద్ధతి అనిపించింది, ఎందుకంటే ఇక్కడ టైమ్ నిర్ణయించేది సముద్రం, మిగతావాళ్ల టిఫిన్లు, స్నానాలు అయ్యేదాకా అది ఆగదు. కాకపోతే "ఇక చాలు, పద" అని పక్కన చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. ఒడ్డున గుర్రబ్బండి అతన్ని ఎప్పటికల్లా తిరిగి రావాలని అడిగితే, "పది కాకముందే బయటికి వచ్చెయ్యండి దీదీ, నీళ్లు కనబడ్డాక బయల్దేరదామనుకోకండి" అన్నాడు. బండి ఎక్కమని కూడా అన్నాడు గానీ నాకు నడవాలనిపించింది. తడి ఇసుక, మధ్య మధ్య చీలమండ లోతు నీళ్లు, నాచు పట్టిన రాళ్లు. ఆ రాళ్ల మీద జారని చెప్పులు ఉండాలి.

శివాజీ ఈ కోట పని మొదలుపెట్టించింది 1680 మార్చిలో, ఆయన కన్నుమూసింది ఆ ఏప్రిల్‌లోనే. మరుసటేడు ఆయన కొడుకు శంభాజీ పూర్తి చేయించాడు. ఇవన్నీ చదివే వెళ్లాను గానీ గోడ దగ్గర నిలబడ్డాకే దాని గొప్పతనం తెలిసింది. బయటి గోడలో ఆ పెద్ద పెద్ద రాళ్లని సున్నం లేకుండా పేర్చారు. అల వచ్చి కొడితే నీరు సందుల్లోకి చొరబడి దెబ్బ విరుగుతుందని చెబుతారు. మూడు వందల ఏళ్లకు పైగా రోజుకి రెండు పోట్లు తింటూ ఆ గోడ ఇంకా నిలబడే ఉంది, నాకు దాన్ని చేత్తో తాకి చూడకుండా ఉండబుద్ధి కాలేదు! లోపల మంచినీళ్ల బావి ఉంది, ఇన్ని ఉప్పునీళ్ల మధ్య. వినాయకుడి గుడి, పక్కనే కోనేరు, ఒక దర్గా కూడా ఉన్నాయి. నీళ్లు లేకపోతే ముట్టడిలో ఏ కోటైనా ఎన్నాళ్లు నిలుస్తుంది?

నిలిచింది కూడా. 1721లో ఇంగ్లీషువాళ్లూ పోర్చుగీసువాళ్లూ కలిసి దీని మీదికి వచ్చారు. అప్పుడు కోట మరాఠా నౌకాదళాన్ని నడిపిన కాన్హోజీ ఆంగ్రే చేతిలో ఉంది. రెండు యూరప్ దేశాల బలగాలు ఏకమైనా గెలవలేక వెనక్కి పోయాయి. బురుజు మీద నిలబడి చూస్తే ఇది అర్థమవుతుంది. నీళ్లు తగ్గినప్పుడు వచ్చే సైనికుడికి దాక్కోవడానికి ఒక్క చెట్టు లేదు, పైగా తెచ్చిన ఫిరంగులు తడి ఇసుకలో లాగాలి. ఇంకో ఆరు గంటల్లో వెనక నుంచి పోటు వచ్చేస్తుంది. ఓడల్లో వస్తే ఎదురుగా బురుజులు. చివరికి 1840లో ఆంగ్రేల రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది, వారసుడు లేడన్న వంకతో. ఉత్తరపు గోడ మీద చక్రాల బళ్లపై ఉన్న రెండు ఫిరంగులు ఇంగ్లండ్‌లో పోతపోసినవి. అందరూ వాటి దగ్గర ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం అవి చూస్తే బాధేసింది.

మధ్యాహ్నం ఒడ్డున కూర్చుని అదే కోటని పోటు మీద చూశాను. పొద్దున నేను నడిచిన చోట పడవలు తిరుగుతున్నాయి. వెళ్తే ఈ రెండూ చూసేలా ప్లాన్ చేసుకోండి, ఒక్క పూటలో ముగించుకుని వచ్చేయకండి. వానాకాలంలో వద్దు, సముద్రం చాలా కోపంగా ఉంటుంది. ఇంకో మాట: పెద్ద కోటని ఆనుకునే సర్జేకోట్ అని ఒక చిన్న కోట ఉంది. చాలామంది అటు తిరగకుండానే వెళ్లిపోతున్నారు. ఆటు ఉండగా ఒక పావుగంట దానికీ ఉంచుకోండి.