ఏ ఊరమ్మా మీది?

ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ గిరిప్రదక్షిణ చేయాలని మా పెద్దమ్మకి ఎప్పటినుంచో మొక్కు. మోకాళ్ళ నొప్పుల మనిషి, దారేమో 32 కిలోమీటర్లు. ఆమెకి సంబరం, నాకు టెన్షన్. తెనాలిలో రైలెక్కి విశాఖలో దిగి, లాడ్జిలో సామాను పడేసి, మధ్యాహ్నానికల్లా కొండ దిగువన తొలిపావంచా దగ్గరికి చేరుకున్నాం. కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టేది అక్కడే. విజయనగరం, శ్రీకాకుళం పల్లెలవాళ్ళు, ఒడిశా వాళ్ళు, ఇసకేస్తే రాలనంత జనం. దాదాపు అందరివీ ఒట్టి కాళ్ళే.

అడవివరం, ముడసర్లోవ దాటి హనుమంతవాక వచ్చేసరికే కడుపు నిండిపోయింది. పది అడుగులకొక పందిరి. మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు, బిస్కెట్లు. వద్దంటే ఊరుకోరు, వెంటపడి చేతిలో పెడతారు. ఒకచోట కాలేజీ కుర్రాళ్ళు నేలమీద కూర్చుని ముసలివాళ్ళ మోకాళ్ళకి నొప్పుల స్ప్రే కొడుతున్నారు. కొన్ని పందిళ్ళకి పెద్ద ఫ్లెక్సీలు, వాటిమీద నాయకుల నవ్వులు, పక్కన చెవులు చిల్లులుపడే మైకు. ఉంటే ఉండనివ్వండి, మజ్జిగ మాత్రం చల్లగానే ఉంది.

అప్పూఘర్ దగ్గర చాలామంది సముద్రంలో మునిగి, తడిబట్టలతోనే నడక అందుకున్నారు. పెద్దమ్మ మాత్రం తలమీద నాలుగు చుక్కలు చల్లుకుని సరిపెట్టుకుంది.

అప్పటికి ఇంకో ఇబ్బంది మొదలైంది. అడుగడుగునా ఇంత మజ్జిగ తాగించాక ఆడవాళ్ళు ఎక్కడికెళ్ళాలి? సీతమ్మధార దాటాక ఒక ఇంటి గేటు దగ్గర నైటీ మీద తువ్వాలు కప్పుకున్న ఒకావిడ నిలబడి ఉంది. పందిరి లేదు, ఫ్లెక్సీ లేదు. వచ్చేపోయే ఆడవాళ్ళతో మెల్లగా అంటోంది: "బాత్రూముకెళ్తారామ్మా? రండి, సిగ్గేటి?"

ఇంటి పక్క సందులో బల్బు వేలాడదీశారు. రెండు బకెట్ల నిండా నీళ్ళు, మగ్గు, సబ్బుముక్క. ఒక్కొక్కరు బయటికి రాగానే ఆవిడ కోడలు లోపల నీళ్ళు కొట్టి, చీపురుతో ఊడ్చి, తర్వాతివాళ్ళని పిలుస్తోంది. ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయాయి. పులిహోర పంచితే ఫొటో దిగొచ్చు. దీనికి ఎవరు ఫొటో తీస్తారు?

పెద్దమ్మ నడక చూసి ఆవిడ కుర్చీ లాగింది. టబ్బులో వేన్నీళ్ళు పోసి ఉప్పు వేసింది. ఇక ఆరాలు. "ఏ ఊరమ్మా మీది? పిల్లలెంతమంది? ఈవిడ కూతురా? మరి దీనికి పెళ్ళవలేదేటి?" మామూలుగా ఇలాంటివి అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రాత్రి మండలేదు. చేతిలో నీళ్ళసీసా పెట్టి పేరైనా అడగకుండా పంపే మర్యాద కూడా ఉంది, కాదనను. కానీ మన దగ్గర ఇంత ఆరా తీసేవాళ్ళే వంగి కాళ్ళవంక చూస్తారు. పెద్దమ్మ మడమ పగిలి నెత్తురు కారుతోందని నాకంటే ముందు చూసింది ఆవిడే.

లోపల్నుంచి పాత సాక్సుల జత తెచ్చింది. పెద్దమ్మ ఒప్పుకోలేదు, మొక్కు కదా అంది. "ఇవి చెప్పులేటి? గుడ్డే కదా. అప్పన్న ఏటీ అనుకోడు, తొడుక్కో" అని గదమాయించి, తనే తొడిగింది.

ఏటా ఇలా చేస్తారా అని అడిగాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటి సంగతి చెప్పింది. చెట్లన్నీ కూలి, రోజుల తరబడి కరెంటు లేక, వీధిలో ఎవరి మోటారూ ఆడలేదట. జనరేటర్ ఉన్న ఒక ఇంటాయన గేటు తీసేసి అందరినీ నీళ్ళు పట్టుకోమన్నాడట. "అంతకుముందు ఆయనెవరో కూడా మాకు తెలీదమ్మా" అంది. అంతలో ఇంకెవరో గేటు దగ్గర తటపటాయిస్తుంటే లేచి అటు వెళ్ళిపోయింది.

మాధవధార, గోపాలపట్నం మీదుగా తెల్లవారేసరికి మళ్ళీ తొలిపావంచాకి చేరాం. మెట్లెక్కే ఓపిక లేక కొండమీదికి బస్సెక్కాం. ఆ రోజు స్వామికి చివరి విడత చందనం సమర్పిస్తారు, అందుకే బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఒక కుర్రాడు పెద్దమ్మ సాక్సులు చూసి సీటిచ్చి నిలబడ్డాడు. పెద్దమ్మ కూర్చుని, ఊపిరి పీల్చుకుని, వాడివైపు తిరిగింది.

"ఏ ఊరు నాయనా మీది? ఏం చేస్తుంటావు? పెళ్ళయిందా?"

పాలకొండ అట, గ్రూప్స్‌కి చదువుతున్నాడట, పెళ్ళి కాలేదట. ఘాట్‌రోడ్డు మలుపులు పూర్తయ్యేలోపు పెద్దమ్మ వాడి కుటుంబ చరిత్రంతా లాగేసి, పరీక్షకి అటువైపు వస్తే మా ఇంట్లోనే దిగాలని తేల్చేసింది. వాడు ఒంటిచేత్తో రాడ్డు పట్టుకుని, రెండోచేత్తో ఆమె ఫోన్ నంబరు కొట్టుకుంటుంటే, "హోటల్లో దిగావంటే మాత్రం ఊరుకోను" అని ముందే కోప్పడింది.