ఏడో షీటూ పోయింది

కళింగపట్నం ఆకాశం, అడుగున సన్నటి ఇసుక గీత, కుడివైపు లైట్‌హౌస్. నీటిరంగు వాష్, అంటే నీళ్ళలో పలచగా కలిపి పరిచే రంగు పొర, పైనుంచి కిందిదాకా ఎక్కడా తెగకుండా దిగింది. ఈసారి గట్టెక్కాననుకున్నా. తీరా ఆరాక చూస్తే మళ్ళీ అవే లేత మచ్చలు! ఊయల్లో బాబు నిద్రపోతున్నాడు కాబట్టి పైకి తిట్టుకోవడానికి కూడా లేదు. లైట్‌హౌస్ మీద రంగు పడకుండా ముందే పూసిన మాస్కింగ్ మాత్రం చక్కగా ఊడొచ్చింది.

మచ్చల లెక్క రాసి పెడుతున్నాను. 7.5 x 11 అంగుళాల షీటు మీద మొత్తం తొమ్మిది. ఎడమ పైమూల నుంచి 3 సెం.మీ. లోపల నాలుగు వరసగా ఉన్నాయి, ఒక్కోటి సెంటీమీటరున్నర. కుడి అంచున అలాంటివే రెండు. సరిగ్గా ఆకాశం మధ్యలో వంపు తిరిగిన సన్నటి గీతలు రెండు. ఇసుక దగ్గర ఒకటి, మరీ చిన్నది. అక్కడ రంగు అసలు పట్టలేదని కాదు, వెనక్కి తగ్గినట్టు పలచగా ఉంది.

మొదట పేపర్ సైజింగ్ మీదే అనుమానం, అంటే రంగు వెంటనే ఇంకిపోకుండా పేపర్‌కి పట్టించే జిగురు. కడుపుతో ఉన్నప్పుడు కొన్న కాటన్ పేపర్, మందపాటిది, 300 జీఎస్‌ఎమ్, రెండు వానాకాలాలు బీరువాలో ఉంది. శ్రీకాకుళం తేమకి ఉప్పు డబ్బాలోనే నీరు కారుతుంటే పేపర్ ఒక లెక్కా! కానీ సైజింగ్ పోతే రంగు లోపలికి ఇంకి మచ్చ ముదురుగా రావాలి. నావి లేతవి. చుక్క నీళ్ళు వేసి చూశా, నిమిషం దాటినా పైనే నిలబడింది. అంటే పేపర్ తప్పు లేదు. తర్వాత బోరు నీళ్ళని అనుమానించి ఫిల్టర్ నీళ్ళతో వేశా. అవే మచ్చలు. రంగుదా? అల్ట్రామెరైన్ కామెల్ ఆర్టిస్ట్ ట్యూబే. ఆకాశాలకి దాన్ని మించి ఖర్చు పెట్టక్కర్లేదన్నది నా మాట. మరకలు పడ్డ షీట్లన్నిటికీ అదే రంగు కాబట్టి ఇంకో నీలం కూడా వేసి చూశా. తేడా లేదు.

దొరికింది మొన్న పొద్దున. ఖాళీ షీటుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే నాలుగు వేళ్ళ గుర్తులు తళుక్కుమన్నాయి. నూనె. అది ఉన్నచోట నీటిరంగు సరిగ్గా పట్టదు.

ఎనిమిదింటికి బాబుని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నువ్వులనూనె పట్టిస్తాను. స్నానం, సాంబ్రాణి, పాలు అయ్యేసరికి పదిన్నర. వాడు కళ్ళు మూయగానే సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కుని బోర్డు ముందు కూర్చుంటాను. ఆ సబ్బు చాలట్లేదు. అయినా వంపు గీతలకి అది సమాధానం కాదు కదా. వాటి కోసం స్కేలు తీసి కొలిచా. ఆ వంపుని పూర్తి గుండ్రంగా గీస్తే అడ్డం రెండుంబావు అంగుళాలు. నేను వేసుకునేవి రెండు నాలుగు సైజు గాజులు, సరిగ్గా అంతే! చప్పుడుకి వాడు లేస్తాడని గాజులు తీసేస్తాను. బల్ల మీద పెడితే టక్కుమంటాయని మెత్తగా ఉన్న పేపర్ దొంతర మీద పెడుతున్నాను. మసాజ్ నూనె గాజుల లోపలి వైపు అలాగే ఉంది.

నమ్మకం కుదరక ఐదు పట్టీలు కోసి పరీక్ష పెట్టా. టిష్యూతో పట్టుకున్నది శుభ్రం. సబ్బు చేతిది లేతగా మచ్చపడింది. మణికట్టు ఆనించింది ఇంకా ఎక్కువ. గాజు పెట్టినది అన్నిటికంటే ఘోరం. శనగపిండి రుద్ది కడిగిన చేతితో ముట్టుకున్న దాని మీద మచ్చ లేదు. అత్తయ్య మొదటినుంచీ శనగపిండే వాడమంటోంది, ఆవిడ చెప్పింది నా చర్మం కోసమనుకోండి.

అందరూ చెప్పేది ఒకటే, వాడు పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అని. వాడి నిద్ర 40 నిమిషాలు. మేలో వాష్ 20 నిమిషాల్లో ఆరేది, ఈ వానల్లో 50 పడుతోంది. అందుకే పావు షీటు మానేసి అందులో సగానికి దిగాను, రెండో పొర మర్నాటికి. ఏ పొర ఎప్పుడు ఆరింది, వాడు ఎప్పుడు లేచాడు, రెండూ ఒకే నోటుబుక్కులో ఒకే పేజీలో ఉంటాయి. సెరూలియన్‌లో కోబాల్ట్ ఉంటుందని దాన్నీ, కాడ్మియం పసుపునీ తాళం పెట్టిన డబ్బాలో పడేశా. పాకే పిల్లాడు ఉన్న ఇంట్లో ప్యాలెట్ చిన్నదైంది, చూస్తే ఆకాశాలు ఇదివరకటి కంటే బావున్నాయి కూడా.

ఫ్రెంచి పెయింటర్ బెర్త్ మోరిసో 1872లో వేసిన ఊయల బొమ్మ గుర్తొస్తుంటుంది. ఊయల పక్కన కూర్చున్నది ఆమె అక్క ఎడ్మా. ఇద్దరూ పెయింటర్ కోరో దగ్గర కలిసి నేర్చుకున్నవాళ్ళే, పెళ్ళయ్యాక ఎడ్మా బ్రష్ వదిలేసింది. అందరూ అందులో అమ్మతనం చూస్తారు. నాకు చెంపకి ఆన్చిన ఆ చెయ్యే కనిపిస్తుంది, పనిలేని పెయింటర్ చెయ్యి.

ఎనిమిదో షీటు నిన్న వేశా. శనగపిండి, గాజులు తువాలు మీద. ఎనిమిది మచ్చలు మాయం. ఇసుక దగ్గరి చిన్నది మాత్రం మళ్ళీ వచ్చింది, కాస్త పక్కకి జరిగి. కొలిస్తే 8 మి.మీ. నాది అంత సన్నటి వేలు కాదు. పేపర్ ఉండేది బీరువా కింది అరలో, తలుపు సరిగ్గా పడదు. మసాజ్ అయ్యాక, నేను నీళ్ళు తోడే ఆ రెండు నిమిషాల్లో వాడు ఎక్కడికి పాకుతున్నాడో ఇప్పుడర్థమైంది.

పేపర్ బీరువా పైకెక్కింది. మిగిలిన ఆరు షీట్లనీ కిటికీ వెలుగులో తిప్పి చూడాలి, మచ్చున్నవి రఫ్‌కి పోతాయి. చలికాలంలో మా జిల్లాలోని తేలినీలాపురానికి వలస వచ్చే పెలికన్లు వెయ్యాలని ఉంది. మైనం మీద కూడా రంగు పట్టదు కాబట్టి ఆ తెల్ల రెక్కల కోసం కొవ్వొత్తితో ముందే గీసి వాష్ వేస్తే ఎలా ఉంటుందో రేపు పదిన్నరకి ఒక పట్టీ మీద చూస్తా. వాడు పడుకుంటే.